రాడ్డు ఎంత ఎత్తులో

బందరు, మంగళవారం రాత్రి

ఉప్పు చెమ్మకు బాత్‌రూమ్ టైల్స్ మళ్ళీ ఊడిపోయాయని, మేస్త్రి గారు ఈసారి ఇటుక గోడకు సిమెంట్ బోర్డులు బిగించారు. రేపు వాటి మీద టైల్స్ అంటిస్తారు. మధ్యాహ్నం బోర్డుల పని అయ్యాక నన్ను పిలిచారు.

“సార్ పట్టుకోడానికి రాడ్డు పెట్టాలన్నారు కదమ్మా. బోర్డు ఒక్కటే మనిషి బరువు ఆపదండి, బోల్టులు ఇటుకలోకి దిగాలి. టైల్స్ వేశాక మార్చలేం. ఎంత ఎత్తులో కావాలో ఇప్పుడే చెప్పండి.”

నేను నా భుజం ఎత్తు చూపించాను. మా ఆయనకు పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే కాఫీ ఇస్తూ చెబుతూనే ఉన్నాను, వచ్చే నెలకల్లా లేచి నిలబడతారని. ఆయనా తలూపుతూనే ఉన్నారు.

“అంత పైకి వద్దు” అన్నారు ఆయన, గుమ్మం దగ్గర చక్రాల కుర్చీలోంచి. నా చేత కుర్చీ లోపలికి తోయించుకుని, కూర్చున్నచోటు నుంచే ఎడమ చెయ్యి చాచి బోర్డు మీద ఆనించారు. “ఇక్కడ. నాకు అందేది ఇంతవరకేగా.”

మేస్త్రి గారు ఆ చేతి పక్కనే పెన్సిల్‌తో గీత గీశారు.

ఎంత తాపీగా అన్నారో, ఎప్పట్నుంచో తెలిసిన సంగతిలా. అయితే ఇన్నాళ్ళూ తలూపింది నా కోసమేనా?

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియడం లేదు. “పైన కూడా ఒకటి పెట్టండి” అన్నాను, కాస్త గట్టిగానే.

మేస్త్రి గారు ఆయన వంక చూశారు. రోజూ కాఫీ అందుకుంటూ ఊపినట్టే, ఆయన తలూపారు.