హిడ్మా తాగిన టీ

దోర్నపాల్ నుంచి

బుల్లమ్మక్కకు తమ్ముడు రాసేది. ఈ ఉత్తరం బావతో తప్ప ఎవరితోనూ చదివించుకోకు.

ఈ సంస్థానంలో టీ రుచి ఎరగని ఇల్లు ఉండకూడదని మా కంపెనీ పంతం. అందుకే సంతరోజు డప్పు కొట్టి జనాన్ని పోగేస్తాను, ఏజెంటుగారి మాటలు ఇక్కడి దోర్లవాళ్ల భాషలో, దోర్లిలో చెబుతాను, తర్వాత టీ కుండ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి డబ్బు తీసుకోకుండా పోసి వస్తాను. దోర్ల రైతు హిడ్మా ఇంటికీ అలాగే వారం వారం తీసుకెళ్లాను. ఆయన కూతురు కోసి ఆకుదొప్పలు కుట్టి పెట్టేది. ఇంటిల్లిపాదీ తాగేవారు.

మొన్న కోసిని పెళ్లికి అడగడానికి వేరే ఊరివాళ్లు ఇప్పసారా కుండ తెచ్చారట. హిడ్మా దాన్ని ముట్టకుండా తిప్పి పంపేశాడు. నన్ను పిలిచి, "నీ కుండ తాగినం గద పిలగా, ఇంకొకని కుండ ఎట్ల తాగుతం? మీ పెద్దోళ్లు ఎప్పుడొస్తరు?" అన్నాడు.

పిల్లగాడి వైపు నుంచి వచ్చింది పిల్ల ఇంట్లో తాగితే, వీళ్ల లెక్కలో సంబంధం ఒప్పుకున్నట్టే. ఏజెంటుగారికి చెబితే నవ్వి, "కంపెనీ టీకీ పెళ్లికీ సంబంధం ఏమిటోయ్? వచ్చేవారం గీదం సంతకు పోతున్నాం, సర్దుకో" అన్నారు. ఆయనది రాజమండ్రి, ఆయనకు తెలియదు. నాకు తెలుసు. అయినా హిడ్మా ముందు "కంపెనీ పంపింది" అని గొణిగి, తల వంచుకుని వచ్చేశాను. కోసి గుమ్మంలోనే నిలబడి వింది.

అక్కా, బావను తీసుకుని ఈ సంతలోపే రా. తిట్టేదేదో ఇక్కడికొచ్చి తిట్టు. ఏజెంటుగారు నన్ను టీ పోయమన్నది బాటపక్క ఇళ్లలోనే. హిడ్మా ఇల్లు వాగు అవతల ఉంది.