మునెమ్మకిచ్చే కూలి

జులై 1, మంగళవారం
అత్తకు పక్కబట్టలు మార్చింది మూడుసార్లు. పక్కకు తిప్పి పడుకోబెట్టింది ఆరుసార్లు. జావ, మాత్రలు, ఒళ్లు తుడవడం, తల దువ్వడం — అయ్యాయి. నా నడుము కూడా అయిపోయింది.
మంచం పట్టినవాళ్ల పింఛను అత్తకు మొదటిసారి వచ్చింది. ఊరి సచివాలయం అమ్మాయి ఇంటికే వచ్చి వేలిముద్ర వేయించుకుని ఇచ్చింది. ఈయన అన్నారు — "పగటిపూట ఒక మనిషిని పెట్టుకుందాం. నాలుగేండ్లుగా నువ్వొక్కదానివే పడతాండావు."
ఏడుపొచ్చింది. సంతోషానికే.

జులై 4
మునెమ్మ పనిలో చేరింది. కార్వేటినగరం నుంచి బస్సులో వస్తుంది. రోజు కూలి.
మధ్యాహ్నం నిద్రపోయాను... పగలు!

జులై 9
అత్త రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. మునెమ్మ పెడితే. సంగటి నేను కెలికిందే, పప్పు నేను ఎనిపిందే. చూడవచ్చిన వాళ్లతో అంటుంది — "మునెమ్మ చెయ్యి వెన్న మాదిరి ఉండాది."

జులై 12
గదిలో ఇద్దరూ నవ్వుతున్నారు. నేను వెళ్లగానే ఆపేశారు.
"ఏందత్తా?"
"ఊరికేలే. నువ్వు పోయి పని సూసుకో."

జులై 16
అత్త మునెమ్మను "తల్లీ" అంటుంది. నన్ను ఇరవై ఏడేళ్లుగా — "ఏమ్మే".
ఈయనతో చెప్పాను. "కూలి మనిషి మీద కుళ్లేందే నీకు? సుకంగా ఉండావు కదా!"
సుఖంగానే ఉన్నాను. నడుము నొప్పి తగ్గింది. కడుపులోనే మంట.

జులై 20
ఆదివారం, మునెమ్మకు సెలవు. అన్నం పెడితే అత్త మొహం తిప్పుకుంది. అడిగేశాను — "నా చేతి కూడు ఎందుకు సయించదు నీకు?"
గోడవైపు తిరిగే అంది — "ఆయమ్మకు నా పింఛనులోంచి కూలి ఇస్తాండాము. అది చెయ్యి, ఇది చెయ్యి అని నోరు తెరిచి అడగొచ్చు. నిన్ను ఏ మొగం పెట్టుకుని అడిగేది?"


జులై 23
మునెమ్మ కూతురికి జ్వరం, రాలేదు. అత్త పొద్దుటి నుంచి కదలదు, ఏమీ అడగదు. పళ్లు బిగించి పడుకుంది.
మంచం పక్కన కూర్చుని చెయ్యి చాచాను. "ఈ పొద్దు కూలి నాకియ్యి."
ఎగాదిగా చూసింది. దిండు కింద తడిమి తీసి ఇచ్చింది. తీసుకున్నాను. వెంటనే —
"వీపు గోకు మే... ఆడ కాదు, ఇంకా కిందికి... గట్టిగా! కూలి తీసుకోలే?"
మునెమ్మ రేపు వస్తానని ఫోన్ చేసింది. సరే అన్నాను. ఇంకో రెండు రోజులు ఆగి రమ్మందామనుకున్నాను...
కూలి ముట్టింది. ఈ ఒక్క రోజుకు అత్త బాకీ చెల్లు.