ఎడమవైపు వేణువు

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ నీ మరదలూ క్షేమం. క్షేమం అని రాసేటప్పుడు కలం కాస్త ఆగింది. ఎందుకో తర్వాత చెబుతాను. బావగారి నడుంనొప్పి తగ్గిందన్నావు, సంతోషం. అప్పుడే బరువులెత్తొద్దని చెప్పు.

నువ్విచ్చిన పాటల ప్లేయర్ వాడుతున్నానా, మూలన పడేశానా అని అడిగావు. పడేయడమేమిటక్కా? అగ్గిపెట్టెంత డబ్బా, మూత ఊడితే రబ్బరు బ్యాండు వేశాను. పాట దాటించే మీట పోయింది కాబట్టి అన్నీ వరసగానే వినాలి. అందుకే దాన్ని గడియారంగా వాడుతున్నాను. గుడ్లు ఉడకడానికి రెండు పాటలు, ఫ్యాక్టరీకి బస్సులో ఎనిమిది. తొమ్మిదోది మొదలైందంటే ఆలస్యమైనట్టే. ఆ డబ్బాకున్న మర్యాద తనకు లేదని నీ మరదలు సణుగుతోంది.

పనిలో మాత్రం మనసు నిలవడం లేదు. మా హాల్లో అరవై కుట్టు మెషీన్లు. ఏది పాడైనా గుమ్మం దగ్గర నిలబడి చప్పుడు విని, నేరుగా దాని దగ్గరికే వెళ్లేవాణ్ణి. అందుకేగా నాకు పాముచెవులని పేరు పెట్టారు. ఈ నెలలో రెండుసార్లు బాగున్న మెషీన్ విప్పుకు కూర్చున్నాను. చప్పుడు వినబడుతోంది, ఏ పక్కనుంచో అంతుపట్టడం లేదు. కుట్టేవాళ్లు నవ్వారు. సూపర్‌వైజర్ నవ్వలేదు.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడుసార్లు లేచి తిరిగాను. ఇక దాచను.

ప్లేయర్‌కి ఎడమవైపు ఇయర్‌ఫోన్ పలకడం లేదని నీకు చెప్పలేదు, చిన్నబుచ్చుకుంటావని. చవక సరుకని తిట్టుకుంటూ వైరు రెండుసార్లు అతికించాను. కొత్తది కొన్నాను, అదీ అంతే. దుకాణం అతనితో గొడవ కూడా పెట్టుకున్నాను. మొన్న ఆదివారం తొందరలో కుడిదీ ఎడమదీ తారుమారుగా పెట్టుకున్నాను. మూడో పాటలో వేణువు వినబడింది. మూడు నెలలుగా వింటున్నాను, అందులో వేణువుందని నాకు తెలియదు. ఈసారి పాడే ఆవిడ గొంతు సన్నగిల్లింది. మళ్లీ మార్చి పెట్టుకుంటే గొంతు వచ్చింది, వేణువు పోయింది. వైరు బాగానే ఉందక్కా. పోయింది నా ఎడమ చెవి.

భయంగా ఉంది. నీ మరదలికి ఇంకా చెప్పలేదు. గురువారం డాక్టరు పరీక్ష చేస్తానన్నారు. నేను చెవిని నమ్ముకుని బతికేవాణ్ణి. సంగతి తెలిస్తే సూపర్‌వైజర్ పనిలో ఉంచుతాడో లేదో.

నీ ఉత్తరంలో చివరి మాటకు జవాబు మిగిలింది. పోయినసారి బస్సు దగ్గర మూడుసార్లు పిలిచినా తల తిప్పకుండా ఎక్కేశానని, "నేనేం తప్పు చేశానురా" అని రాశావు. ఎప్పుడు పిలిచావో గుర్తురాక, ఏం రాయాలో తెలియక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇప్పుడు తెలిసింది. కుడిపక్కన ఇంజను హోరు. నువ్వు నిలబడింది ఎడమపక్క.

గురువారం రాగలవా? వస్తే నా కుడిపక్కన నడువు. నాలుగోసారి పిలిచి చూడు, పలుకుతాను.

ఇట్లు,
నీ తమ్ముడు