గంగాలమ్మకు ఇవ్వని పొన్న మొక్క

గంగాలమ్మ గారికి,

మీ అమ్మాయి ఈ ఉత్తరం చదివి వినిపిస్తుందనుకుంటాను. ఎనిమిదేళ్లుగా మా వీధిలో చేపలు అమ్ముతున్నారు. మీ పేరు మాత్రం నిన్ననే మీ పక్కింటావిడను అడిగి తెలుసుకున్నాను.

పోయిన జూలైలో మధురవాడ పార్కు దగ్గర మా కాలనీవాళ్లం ఇంటికొకటి చొప్పున ఉచితంగా మొక్కలు పంచుతుంటే, మీరు తట్ట దించి, "నాకూ ఒకటియ్యి బాబూ, వాకిట్లో ఏసుకుంతాను" అన్నారు. "సముద్రం ఒడ్డున నీ ఇసకలో ఏం బతుకుతుంది? వృథా" అని అందరి ముందూ అన్నాను. చివరి పొన్న మొక్కను కారులో వచ్చినాయనకు ఇచ్చాను.

నిన్న మేం పంచిన మొక్కలు ఎలా ఉన్నాయో చూడడానికి వెళ్తే, అది ఆయన అపార్ట్‌మెంటు మెట్ల కింద సంచిలోనే ఎండిపోయి ఉంది. తిరిగి మీ పేట మీదుగా వస్తుంటే మీ వాకిట్లో మూడు పొన్న మొక్కలు కనిపించాయి. రాలిన కాయలు ఏరి తెచ్చి మీరే మొలిపించారని మీ పక్కింటావిడ చెప్పింది.

అంతలో మీరు బయటికొచ్చి, "ఎండలో తిరుగుతన్నావు బాబూ, మంచినీల్లు తాగుతావేటి?" అన్నారు. వినపడనట్టు బండి తీసి వచ్చేశాను. ఆ రోజు అన్న మాటకన్నా నాకు ఇదే ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఈసారి మీరు మా వీధికి వచ్చినప్పుడు అందరి ముందే క్షమించమని అడుగుతాను. అప్పుడూ తప్పించుకుంటే ఈ ఉత్తరం చూపించి నిలదీయండి.

ఇట్లు,
మీకు మొక్క లేదన్నవాడు