కుండలో పిల్లలు

ఏవండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. మీ లవ్‌బర్డ్స్‌కి కొర్రలు పోసీ, పొట్టు ఊదీ విసిగిపోయాను. పంజరంతో సహా ఇచ్చేస్తానని గవర్నర్‌పేట మేష్టారికి చెబితే, ఆయన ఇవాళ ఆటో తీసుకుని వచ్చారు. తీరా చూస్తే, మీరు గుడ్లకని కట్టిన కుండ దించడం మరిచాను, అందులోంచి పిల్లల కీచులు. కుండలో పిల్లలుండగా పంజరం కదపకూడదన్నది మీ నియమమే కదా.

"ఇంకో నెల ఆగండి మేష్టారూ," అన్నాను.

"మీవారూ ఇలాగే తిప్పించుకునేవారమ్మా," అని ఖాళీ ఆటోలో వెళ్ళిపోయారు.

ఎన్ని పిల్లలో చూద్దామంటే తల్లి కదలదు. కుండ దగ్గరికి వెళ్ళేముందు మీరు దగ్గేవారు కదా, నేనూ అలాగే దగ్గాను. అది వెంటనే తల బయటపెట్టింది. నన్ను చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.