ఊ కొట్టిన చెవి

అన్నయ్యా,

నువ్వు పంపిన మనిషి పొద్దున్నే వచ్చి నా కుట్టుమిషను మీద చెయ్యి వేశాడు. "కొట్టు మూసేస్తున్నారట కదండీ, మీ అన్నయ్యగారే తీసుకెళ్లమన్నారు" అన్నాడు. మూసేస్తున్నది ఎవరు?

"కొట్టు మూసి మా ఇంటికి వచ్చెయ్యమంటే మొన్న ఫోన్లో ఊ అన్నావుగా" అంటావు. అన్నాను. ఆపరేషనుతో ఎడమ చెవి పూర్తిగా పోయినా, పాత అలవాటు కొద్దీ ఫోను దానికే ఆనించాను. నీ గొంతు ఎక్కడో ఈగ తిరుగుతున్నట్టుంది. ఎప్పటిలాగే భోంచేశావా, పడుకున్నావా అని అడుగుతున్నావనుకుని ఊ కొడుతూ పోయాను.

ఆ ఆపరేషను అయినప్పటి నుంచి తల గిరుక్కున తిప్పితే గది తిరుగుతుంది, నిజమే. మొదట్లో గోడ పట్టుకుని నడిచాను. ఇప్పుడు గోడ పక్కన ఉంటే చాలు, పట్టుకోను. నిన్న నేల పడవలా ఊగుతుంటే బల్లకు నడుం ఆనించి లాయరుగారి కోటు కత్తిరించాను. కత్తెర గీత దాటలేదు. వచ్చినవాళ్లను నా కుడివైపు కూర్చోబెడుతున్నాను. ఎడమవైపు నుంచి అరిచేవాళ్లను హాయిగా అరవనిస్తున్నాను.

వదిన నాకోసం గది సర్దుతోందట. ఆవిడ మనసు మంచిది, ఆ గదిలో ఆవిడనే హాయిగా పడుకోమను. ఇదివరకైతే నీ మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేదాన్ని. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది కాబట్టి జవాబు చెప్పాల్సి వస్తోంది.

రేపు ఫోను చెయ్యి. కుడి చెవికే పెట్టుకుంటాను. మొన్నటి మాటే మళ్లీ అడుగు. ఊహూఁ అంటాను. నీ రెండు చెవులకీ వినబడేలా అంటాను.

కొట్టు తెరిచే ఉంచిన
నీ చెల్లెలు