ఏ రూపంలోనూ మందు ముట్టను

నవంబర్ 4, మంగళవారం

మూడేళ్లుగా చెబుతున్నదే ఇవాళ మీటింగులో మళ్లీ మొదటి నుంచి చెప్పాను. సార్, మన దగ్గరికి వచ్చేది పద్దెనిమిది నుంచి పాతికేళ్ల లోపు వాళ్లు. డ్యూటీలో పక్కవాడు కాలిపోవడం చూసినవాడు, సముద్రంలో మనిషిని పోగొట్టుకున్నవాడు, సొంత ఇంట్లోనే నాశనమైన పిల్ల. కళ్లు మూసుకుంటే అదే కనబడుతుంది కాబట్టి తాగుతారు. మనం మాన్పించం, తగ్గిస్తాం. రోజుకి నాలుగు క్వార్టర్లు తాగేవాడు మూడుకి దిగితే అదే గెలుపు. ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తట్టుకోదు, ప్రాణం కూడా పోవచ్చు.

మా డైరెక్టర్ గంగాధరరావు గారు అంతా శ్రద్ధగా విన్నారు. విని, అదంతా సరేనమ్మా సత్యశ్రీ, ఎంతమంది మానీసారు, ఆ నంబరు చెప్పు అన్నారు.

తల గోడకేసి కొట్టాలనిపించింది. నాది కాదు, ఆయనది.

పదహారో తారీఖున హైదరాబాద్ నుంచి మా సంస్థకి డబ్బిచ్చే పెద్దవాళ్లు వస్తున్నారట. వాళ్ల ముందు మన పిల్లలందరూ స్టేజీ మీద నిలబడి తాగుడు మానేస్తామని ప్రమాణం చేయాలట. ఆ ప్రమాణం నేనే రాయాలట. నా తెలుగు బాగుంటుందట.

నవంబర్ 6, గురువారం

గ్రూపు. తొమ్మిది మంది వచ్చారు. మద్దిలపాలెంలో బట్టల షాపు పైన మా ఆఫీసు, ఫ్యాన్ తిరగదు. అయినా మానకుండా వస్తారు. ఒక్కొక్కరి దగ్గరా చిన్న నోట్‌బుక్ ఉంటుంది. ఏ రోజు ఎన్ని క్వార్టర్లో అంకె వేయాలి, అంతే. ఎంత రాసినా ఇక్కడ ఎవరూ తిట్టరు.

నాగబాబు అంకె ఈ వారం మూడు. ఆగస్టులో మొదటిసారి వచ్చినప్పుడు అయిదు. ఇరవై మూడేళ్ల కుర్రాడు, జాలారిపేట. పోయినేడు సెప్టెంబర్‌లో వీళ్ల బోటు తిరగబడింది. తనూ, అక్క మొగుడూ ఒకే థర్మాకోల్ పెట్టె మూత పట్టుకుని నీళ్లలో ఉన్నారు. తెల్లారి వేరే బోటు వాళ్లు చూసేసరికి ఇతనొక్కడే ఉన్నాడు. బావ సెయ్యి జారిపోనాది మేడమ్ అని ఒకసారి చెప్పాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అక్క సాయిదుర్గ నాలుగేళ్ల కూతురు ఆశని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. అదే ఇంట్లో ఉంటూ పద్నాలుగు నెలలుగా తమ్ముడితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆశ మాత్రం మావయ్యని వదలదట.

డాక్టర్ గౌరీశ్వరి గారు నోట్‌బుక్ చూసి, వారానికి అర క్వార్టరు చొప్పున దింపుదాం, తొందరేం లేదు అన్నారు. వెళ్లేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, ఇతను మాత్రం సడన్‌గా ఆపకూడదు, ఫిట్స్ వస్తాయి, ఇంట్లోవాళ్లకి చెప్పు అన్నారు. నాగబాబు తల్లి పోతమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఈ వారం ఆ ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను.

నవంబర్ 9, ఆదివారం

ఇంటి ఓనరు ఆదిలక్ష్మమ్మ గారు మెట్ల దగ్గర ఆపి, తాగుబోతుల ఆఫీసులో ఆడపిల్లకి ఉజ్జోగవేటమ్మా, మీ సబ్బవరంలో బేంకు నేదేటి అని అడిగారు. వాళ్లు తాగుబోతులు కాదండీ అన్నాను. మరేటి అన్నారు. మెట్లెక్కి వచ్చేశాను. రోజంతా కోపంగానే ఉంది. వంట కూడా చేసుకోలేదు.

నవంబర్ 12, బుధవారం

ప్రమాణం రాశాను. మొదట 'మద్యం సేవించను' అని రాసి, ఆఫీసులో ఉన్న నలుగురు పిల్లలకి వినిపిస్తే పడీ పడీ నవ్వారు. దువ్వాడ నుంచి వచ్చే వెంకటేష్, సేవించడానికి అదేటి ప్రసాదమా మేడమ్ అన్నాడు. నిజమే. ఇక్కడ ఎవరూ మద్యం అనరు. మందు అంటారు. మందు కొట్టాడు, మందు పార్టీ, మందు షాపు. సరే, 'మందు ముట్టను' అని మార్చాను. మళ్లీ వాడే, బీరు మందు కాదు కదా మేడమ్, బీరు బీరే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పేపరు చిరిగేటట్టు నొక్కి 'ఏ రూపంలోనూ' అని చేర్చాను.

ఈ రోజు నుంచి ఏ రూపంలోనూ మందు ముట్టను.

గౌరీశ్వరి గారికి చూపిస్తే వద్దంటారు. వద్దంటే డైరెక్టర్ గారితో గొడవ. అందుకని చూపించలేదు. స్టేజీ ఎక్కే ముందు ప్రతి ఒక్కరికీ చెవిలో చెప్పేస్తాను, ఇది ఉత్తుత్తి ప్రమాణం, రేపటి నుంచి మళ్లీ మామూలుగా మన నోట్‌బుక్, మన అంకె అని. అదీ నా తెలివి.

నవంబర్ 14, శుక్రవారం

టైపు చేసి ఇచ్చేశాను. సూపర్ అన్నారు గంగాధరరావు గారు.

నవంబర్ 16, ఆదివారం

పెద్దవాళ్లు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. ఆ గంటన్నరలో ఎనిమిది మందికి చెవిలో చెప్పాను. నాగబాబు చివర్లో వచ్చాడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, తల్లినీ ఆశనీ వెంటబెట్టుకుని. అతని వైపు నడుస్తుండగా గంగాధరరావు గారు నన్ను ఫోటోకి పిలిచారు. వెళ్లాను. ఎందుకు వెళ్లాను? బొకే పట్టుకుని నవ్వాను కూడా.

అందరూ చెయ్యి ముందుకు చాపి నేను రాసింది చదివారు. చదవడం అయిపోయాక నాగబాబు స్టేజీ దిగాడు. పోతమ్మ ఒళ్లో ఉన్న ఆశ తల మీద చెయ్యి పెట్టి, ఆ వాక్యం ఒక్కడే మళ్లీ చెప్పాడు. మైకు లేదు, అయినా అందరికీ వినబడింది. హాలంతా లేచి నిలబడింది. హైదరాబాద్ మేడమ్ ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఫోటోలే ఫోటోలు.

పిల్ల తల మీద చెయ్యేసి ఒట్టేస్తే, ఆ ఒట్టు తప్పితే పిల్లకే తగులుతుంది. సబ్బవరంలో పుట్టినదాన్ని, నాకు తెలియకపోవడం ఏమిటి. అయినా అందరితో పాటు చప్పట్లు కొట్టాను. భోజనం పొట్లాలు పంచి వచ్చేసరికి నాగబాబు వాళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

రేపు ఫోన్ చేస్తాను.

నవంబర్ 17, సోమవారం

ఆరుసార్లు చేశాను. స్విచ్ ఆఫ్. పోతమ్మ ఎత్తడం లేదు. ఇంటికి వెళ్లాల్సింది. నిన్నటి కార్యక్రమం రిపోర్ట్ టైపు చేస్తూ కూర్చున్నాను.

నవంబర్ 18, మంగళవారం, మధ్యాహ్నం 3

ఆస్పత్రి వరండాలో రాస్తున్నాను.

పొద్దున తొమ్మిదింటికి పోతమ్మ ఫోన్. అమ్మవారు పూనీసింది మేడమ్, ఒకటే ఊగిపోతన్నాడు అంది. స్కూటీ ఎలా నడిపానో తెలియదు. వెళ్లేసరికి వాకిలి నిండా జనం. నాగబాబుని అరుగు మీద కూర్చోబెట్టి పసుపు నీళ్లు పోసి, చేతికి వేపమండలు ఇచ్చారు. ఒక ముసలాయన దండం పెట్టి, తల్లీ నీకేటి గావాల అని అడుగుతున్నాడు. ఏ అమ్మవారూ లేదు. రెండు రోజులుగా చుక్క పడని ఒళ్లు అది. చెమటలు, వణుకు. గోడ మీంచి నీళ్లొచ్చేత్తన్నాయి, పాపని పైకెట్టండి అని అరుస్తున్నాడు. గోడ పొడిగా ఉంది.

అందరి మీదా అరిచి అవతలికి పంపాను. ఫోన్ చేస్తే గౌరీశ్వరి గారు చీటీ రాసి వాట్సాప్‌లో పంపి, ముందు టాబ్లెట్ వేసి వెంటనే ఆస్పత్రికి తీసుకురా అన్నారు. మెడికల్ షాపు వాణ్ని బతిమాలి తెచ్చాను.

నోరు తెరవడు. పళ్లు బిగబట్టేశాడు. మందు ముట్టనని ఆశ మీద ఒట్టేసీసాను మేడమ్ అన్నాడు. ఇది ఆ మందు కాదు నాగబాబూ, డాక్టర్ గారు ఇచ్చిన మందు అన్నాను. మందే కదా అన్నాడు. ఏ రూపంలోనూ ముట్టకూడదని మీరే కదా రాసారు అన్నాడు.

నా తెలుగు బాగుంటుందట.

ఆస్పత్రికీ రానన్నాడు. ఆడ కూడా మందే ఎక్కిత్తారు, బావని ఒగ్గీసాను, ఇప్పుడు ఆశని కూడా సంపుకోమంటారేటి అని ఏడ్చాడు. అతనికి మతి పోయిందని అందరూ అనుకుంటున్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం అతనికి మతి పూర్తిగా ఉంది. పోతమ్మ మీదికి తిరిగి, ఒక్కసారిగా ఆపకూడదని నీకు చెప్పాను కదా అన్నాను. మొదట అలాగ సెప్పారు, మొన్న స్టేజీ ఎక్కించి ఇలాగ సెప్పించారు, సదూకున్నోలు మీరు, ఏది నిజవో మాకేటి తెలస్తాది అంది.

అప్పుడు వచ్చింది సాయిదుర్గ, చేపల బేసిన్‌తో. జనాన్ని చూసి బేసిన్ దించి, ఏటయ్యింది అని నన్ను అడిగింది. అంతా చెప్పాను. ఒట్టు, టాబ్లెట్, మందు అనే మాట, అది రాసింది నేనేనని. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

ఆశని చంకనేసుకుని తమ్ముడి ఎదురుగా కూర్చుంది. పద్నాలుగు నెలల తర్వాత అతనితో మాట్లాడింది. ఒట్టెయ్యడానికి నా కూతురి తల నీకెవుడిచ్చాడు అంది. కన్నదాన్ని నాను, నన్నడిగావేటి అంది. ఆ ఒట్టు నాను తీసేత్తన్నాను, తగిల్తే నాకు తగల్తాది, మింగు అంది. అతను తల అడ్డంగా ఊపాడు. పొలుసులు అంటుకున్న చేత్తోనే దవడ పట్టుకుంది. మీ బావని ఒగ్గీసినావని నిన్ను తిట్టుకోడానికైనా నువ్వుండాల, నువ్వు సచ్చిపోతే ఎవుడ్ని తిట్టుకోవాల్రా నాను అంది.

నోరు తెరిచాడు.

ఆటోలో ఒకసారి ఫిట్స్ వచ్చింది, ఆస్పత్రిలోకి తెచ్చాక ఇంకోసారి. ఇంజెక్షన్ ఇచ్చారు. ఇప్పుడు పడుకున్నాడు. సాయిదుర్గ వార్డు బయట నేల మీద కూర్చుంది. నా వైపు చూడడం లేదు.

నవంబర్ 19, బుధవారం

గండం గడిచిందన్నారు. అన్నాక గౌరీశ్వరి గారు నన్ను మెట్ల దగ్గర నిలబెట్టి తిట్టారు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో నీకు తెలుసు, తెలిసి రాశావు అన్నారు. ఒక్క అక్షరం తప్పు లేదు.

ఇన్నాళ్లూ కోపమంతా గంగాధరరావు మీద పెట్టుకుని హాయిగా ఉన్నాను. ఆయనకి తెలియదు. నాకు తెలుసు.

నవంబర్ 22, శనివారం

ఆ ఫోటో రిపోర్ట్ కవరు మీద వేయించాడు గంగాధరరావు. గారు అని రాయబుద్ధి కావడం లేదు. పిల్ల తల మీద చెయ్యి, కింద 'మానేశాడు' అని పెద్ద అక్షరాలు. అబ్బాయి ఆస్పత్రిలో ఉన్నాడు సార్ అంటే, ఉన్నాడు గానీ ఆరు రోజులై ముట్టలేదు కదమ్మా, మానేసినట్టే కదా అన్నాడు.

నేను ఆఖరి పేజీ చేర్చాను. ఈ ప్రమాణం వల్ల ఒక కుర్రాడు చావు దాకా వెళ్లాడు, ప్రమాణం రాసింది నేను, రాయించింది మా సంస్థ అని. తీసేయమన్నాడు. తీయనన్నాను. అయితే రేపటి నుంచి రావద్దు అన్నాడు, చాలా మర్యాదగా, అమ్మా అంటూనే. తాళాలు బల్ల మీద పెట్టాను. ఆ పేజీ మాత్రం హైదరాబాద్ మేడమ్‌కి మెయిల్ చేసే బయటికి వచ్చాను.

నవంబర్ 27, గురువారం

ఆఫీసుకి తాళం. మెట్ల మీద పెట్టాం గ్రూపు. బట్టల షాపు ఆయన ఏమీ అనలేదు, ఒక స్టూలు పంపాడు. ఎనిమిది మంది వచ్చారు. ఒక్కొక్కరి దగ్గరా ప్రమాణం కాగితం తీసుకుని చింపేశాను. ఫలానావాడా, నీ ఒట్టు నేను తీసేశాను అని పేరు పెట్టి మరీ చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. వెంకటేష్ అయితే, గట్టిగా సెప్పండి మేడమ్ అన్నాడు.

డిసెంబర్ 9, మంగళవారం

పొద్దున ఏడింటికి నాగబాబు ఫోన్. నిన్న ఒక క్వార్టరు తాగీసాను మేడమ్ అన్నాడు. ఆశ నుదురు ముట్టుకుని సూత్తన్నాను, ఇప్పటికి నాలుగుసార్లు సూసాను, జొరం నేదు అన్నాడు.